బల్లార్షా తర్వాతి స్టేషను

అమీర్‌పేట,
ఆగస్టు 2

చిరంజీవి సౌభాగ్యవతి వసుమతిని ఆశీర్వదించి జోగారావు రాస్తున్నది.

నేనిక్కడ క్షేమం. నువ్వక్కడ ఫఖ్రున్నీసా గారింట్లో క్షేమంగా ఉన్నావని వాళ్ళబ్బాయి అజహర్ ఫోనులో చెప్పాడు. నీకిమ్మంటే మాత్రం, "ఆంటీ ఫోనుల మాట్లాడనన్నరు అంకుల్, ఉత్తరం రాస్తే చదువుతరంట" అన్నాడు. నీ ఫోనేమో మన డైనింగ్ టేబుల్ మీద నువ్వు పెట్టి వెళ్ళిన చోటే ఉంది. సరే, రాస్తున్నాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషను. ఆ దూరానికి పోస్టాఫీసుకు వెళ్ళి, వరసలో నిలబడి, కవరు కొని, డెబ్బై రెండేళ్ళ వయసులో కట్టుకున్న భార్యకు ఉత్తరం పంపుతున్నాను. కౌంటర్లో అమ్మాయి అడ్రసు రెండుసార్లు చదువుకుంది.

ఇంతకీ నేను చేసిన నేరమేంటి? రాగసుధ ఢిల్లీలో కొత్త ఇంట్లోకి మారింది, అమ్మను పంపమంది. పంపనన్నానా? విమానం టికెట్టు కొన్నాను. శంషాబాద్‌లో దించడానికి నేను, అక్కడ దింపుకోవడానికి అమ్మాయి. మధ్యలో నడిచే పని లేకుండా వీల్‌చైర్ కూడా పెట్టించాను. నువ్వేమో నాకు చెప్పకుండా నాంపల్లి నుంచి రైలుకి, అదీ ఒక్కదానివే, టికెట్టు కొనుక్కున్నావు. దాన్ని నేను రద్దు చేశాను. దొంగతనంగా చేయలేదు. నీ ఫోనులోనే, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు చేశాను.

మన మొదటి ప్రయాణం గుర్తులేదా నీకు? అప్పుడూ నాంపల్లే, అప్పుడూ ఢిల్లీ బండే. పెళ్ళయిన ఆరో నెల. నాకు ఢిల్లీలో ఆఫీసు వాళ్ళ ట్రైనింగు, కరోల్‌బాగ్‌లో మా పెద్దనాన్న గారిల్లు. బల్లార్షాలో నేను కూజాతో నీళ్ళకు దిగితే, బండి కదిలింది. నేను పరుగెత్తి వెనక పెట్టె ఎక్కాను. నువ్వు నేను దిగిపోయాననుకుని తర్వాతి స్టేషనులో ట్రంకుపెట్టెతో సహా దిగిపోయావు. బండి వెళ్ళిపోయింది. ఊరూ పేరూ లేని స్టేషను. నేను నాగపూర్ నుంచి వెనక్కి వచ్చి, స్టేషను స్టేషనుకీ దిగి వెతికి, పెట్టె మీద కూర్చుని ఏడుస్తున్న నిన్ను పట్టుకుని ఢిల్లీ చేర్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. అలాంటి మనిషిని ఇప్పుడు ఒంటరిగా పంపమంటావు.

కోపం తగ్గించుకుని వచ్చేయి. ఇంగువ ఎక్కడుందో కనపడటం లేదు.

ఆశీస్సులతో,
జోగారావు

* * *

పంజాగుట్ట,
ఆగస్టు 6

ప్రియమైన శ్రీవారికి నమస్కరించి వసుమతి రాయునది.

మీ ఉత్తరం నిదానంగా వచ్చి చేరింది. తొందరేం లేదు, నేనిక్కడ సుఖంగానే ఉన్నాను. ఇంగువ పోపులపెట్టె పక్కన, ఎర్రమూత డబ్బాలో ఉంది. అక్కడే నలభై ఏళ్ళుగా ఉంది.

ఫఖ్రున్నీసా మేడమీద గది నాకిచ్చింది. బల్కంపేట స్కూల్లో ఆమె లెక్కలు, నేను హిందీ చెప్పిన రోజుల్లో మధ్యాహ్నం డబ్బాలు పంచుకున్నట్టే ఇప్పుడు పూటపూటా పంచుకుంటున్నాం. నేను బట్టల సంచితో గుమ్మంలో నిలబడ్డ రోజు ఎందుకు వచ్చావని అడగలేదు. నేనే చెప్పాను. అంతా విని, "మియా కోపం దిగేదాక కాదు వసుమతీ, నువ్వు రైలు ఎక్కేదాక ఉండు. గీ ఇల్లు నీదే" అంది. ఆ మాట నాకు నచ్చింది. నేనూ అంతవరకే ఉంటాను.

నేరమేంటని అడిగారు. నా టికెట్టు మీరు రద్దు చేయడం. నేను స్నానానికి వెళ్ళినప్పుడు నా ఫోను తీసి, దానికొచ్చిన అంకెలు కొట్టి, నా ప్రయాణాన్ని తుడిచేసి, మళ్ళీ ఫోను ఉన్నచోట పెట్టి, నేను తడితలతో బయటికొస్తే "కాఫీ ఇస్తావా" అన్నారు. నేను కాఫీ ఇచ్చాను కూడా. సాయంత్రం చూసుకుంటే టికెట్టు లేదు. పైగా వీల్‌చైర్. రోజూ మూడంతస్తులు ఎక్కి దిగే మనిషికి, లిఫ్టులో కరెంటు పోతుందని మీరు కింద నిలబడితే కూరల సంచి మోసుకొచ్చే మనిషికి, వీల్‌చైర్.

రైలే ఎందుకని మీరు ఇంతవరకు అడగలేదు. అడక్కపోయినా చెప్తాను. వెళ్ళాలనుంది. నాంపల్లిలో ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, పగలూ రాత్రీ దేశం చూసుకుంటూ వెళ్ళి ఢిల్లీలో దిగాలనుంది. ఈ నలభై ఏళ్ళలో నేను ఒక్కదాన్నే వెళ్ళిన దూరం మనింటి నుంచి బల్కంపేట స్కూలు దాకా. ఏలూరు మా పుట్టింటికి వెళ్ళాలన్నా మీరు ఎక్కించాలి, మా తమ్ముడు దింపుకోవాలి, టికెట్టు మీ జేబులోనో వాడి జేబులోనో ఉండాలి. ఇప్పుడు మీ మాట నెగ్గితే ఇక ఈ జన్మకు నేను ఒంటరిగా బండి ఎక్కను. మోకాళ్ళు ఇలా ఎన్నాళ్ళు మాట వింటాయో తెలియదు. అందుకే ఇప్పుడే వెళ్తాను.

ఆ మొదటి ప్రయాణం సంగతి మీరు ఎత్తకపోతే బాగుండేది. మొన్న మీ తమ్ముడి కొడుకు తేజ నిశ్చితార్థంలో మైకు పట్టుకుని కూడా చెప్పారు. అందరూ నవ్వారు. పెళ్ళికూతురు నా వంక జాలిగా చూసింది. నేను ప్లేటులో గులాబ్‌జామ్ వదిలేసి చేతులు కడుక్కున్నాను. ఆ రాత్రే టికెట్టు కొన్నాను.

మీ
వసుమతి

* * *

అమీర్‌పేట,
ఆగస్టు 10

ప్రియమైన వసుమతికి,

ఇంగువ దొరికింది.

నీ ఉత్తరం చదివాను. మాట్లాడటానికి ఇంట్లో ఎవరూ లేరు. కింద వీధిలో కోచింగ్ సెంటరు పిల్లలు మధ్యాహ్నం దాకా గోల చేస్తారు, తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. టీవీ పెట్టుకుంటున్నాను.

నవ్వితే తప్పేముంది? ఇంట్లో పెద్దవాళ్ళ కథలు చెప్పుకుని నవ్వుకుంటారు. అది నిన్ను తక్కువ చేయడం కాదు. నేను చెప్పినదాంట్లో అబద్ధమేమైనా ఉందా? ఆ స్టేషను మాస్టరు మీ ఆయన పేరేంటమ్మా అని ఎన్నిసార్లు అడిగినా, మొగుడి పేరు చెప్పకూడదని నోరు మూసుకుని కూర్చున్నావు. నువ్వే చెప్పావు ఢిల్లీలో. పేరు చెప్పి ఉంటే లైను మీద ఫోను చేసేవాళ్ళు, గంటలో తేలిపోయేది. అది అమాయకత్వం, ఆ రోజుల్లో ఆడపిల్లలు అలాగే ఉండేవారు, నేను తప్పు పట్టలేదు. కానీ మనిషి స్వభావం మారదు. రేపు దారిలో ఏదో జరుగుతుంది, ఎవరో ఏదో అడుగుతారు, నువ్వు బిగుసుకుపోతావు. ఇప్పుడు రైళ్ళు వేరు, జనం వేరు.

మా తమ్ముడిని అడిగాను, వాడూ వద్దన్నాడు. తేజ కూడా వద్దన్నాడు. మీ తమ్ముడికి ఫోను చేస్తే అక్కకి ఈ వయసులో ఎందుకు బావగారూ అన్నాడు. రాగసుధతో కూడా మాట్లాడాను. నువ్వు రైలు దిగితే స్టేషనుకు రావద్దని చెప్పాను. అప్పుడైనా నీకు బుద్ధి వస్తుందని. అది ఫోను పెట్టేసింది.

విమానం టికెట్టు ఇంకా అలాగే ఉంది. నీ ఇష్టం.

జోగారావు

* * *

పంజాగుట్ట,
ఆగస్టు 14

జోగారావు గారికి,

పేరు పెట్టి రాశాను. మీ ఉత్తరం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. స్కూలు సర్వీసు పుస్తకంలో, బ్యాంకు కాగితాల్లో ఎన్నోసార్లు రాసిన పేరే.

ఇన్నాళ్ళూ మీరు చెప్తూ పోయారు, నేను వడ్డిస్తూ పోయాను. మొదట్లో మీ కథలో నేను దిగిపోవడం వరకే ఉండేది. రాగసుధ పుట్టాక మీరు వెతకడం చేరింది. మీరు రిటైరయ్యాక నా ఏడుపు చేరింది. ఇప్పుడు నేను చెప్తాను, చివరిదాకా చదవండి.

ఏలూరు నుంచి హైదరాబాదు రావడమే నాకు అప్పటికి పెద్ద ప్రయాణం. నాంపల్లి స్టేషనులో రిక్షా దిగి ఆ పెద్ద కమానులు, పైన ఎత్తుగా కప్పు, దాని కింద పావురాలు చూసి నోరు తెరిచి నిలబడ్డాను. అత్తయ్య గారు నా చేతిలో పచ్చడి జాడీ పెట్టారు. మీ భుజాన పరుపు చుట్టిన హోల్డాలు, చేతిలో ఇత్తడి మూత కూజా. మీరు నాకు కిటికీ సీటు ఇచ్చారు. అది మీ మంచితనం, మర్చిపోలేదు. కాజీపేట దాటాక పులిహోర తిన్నాం. శ్రావణం వాన, కిటికీ చువ్వల మీద చినుకులు. మీరు టికెట్లు చొక్కా లోపలి జేబులో పెట్టి రెండుసార్లు తడిమి చూసుకున్నారు. నా టికెట్టు నన్నొకసారి చూడనివ్వమన్నాను, అట్టముక్క, అందులో చూడ్డానికి ఏముందన్నారు.

బల్లార్షాలో మీరు నీళ్ళకు దిగారు. బండి కదిలింది. ఆ పెట్టెల్లో ఒకదాన్నుంచి ఒకదానికి దారి లేదు. మీరు ఎక్కడం నేను చూడలేదు, పక్కవాళ్ళూ చూడలేదు. తర్వాత ఒక చిన్న స్టేషనులో బండి ఆగితే ఆలోచించాను. మా ఆయన బల్లార్షాలో ఉండిపోయి ఉంటే తర్వాతి బండిలో వస్తాడు, నేను ఎంత దూరం పోతే అంత కష్టం, ఇక్కడ దిగితే దగ్గర. అది బుర్ర ఉన్నవాళ్ళు చేసే పనే. మీరు అదే బండిలో ఉన్నారని తెలియదు, అంతే. పక్కవాళ్ళు పెట్టె, హోల్డాలు కిటికీలోంచి అందించారు. జాడీ నేనే పట్టుకున్నాను.

స్టేషను మాస్టరు మరాఠీ ఆయన, పెద్ద మనిషి. ఆయనకు నా హిందీ అర్థమైంది. ప్రచార సభ వాళ్ళ రాష్ట్రభాష పరీక్ష పాసైన హిందీ కదా, అంత శుద్ధమైన హిందీ ఆ ప్లాట్‌ఫారం మీద ఎవరూ విని ఉండరు. "మహోదయ్" అని మొదలుపెడితే ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. చెక్క కుర్చీ వేయించాడు. అన్నీ విని, మీ ఆయన పేరు చెప్పమ్మా, నాగపూర్‌కి ఫోను చేసి బండిలో ఉన్నాడేమో వెతికిస్తాను అన్నాడు.

నేను మామూలుగానే అడిగాను, దొరికితే ఏమవుతుందని. ఆయన వచ్చేదాకా నువ్విక్కడే ఉంటావు, వచ్చి నిన్ను తీసుకెళ్తాడు, భయపడి ఉంటావు కాబట్టి బహుశా హైదరాబాదుకే తీసుకెళ్తాడు అన్నాడు.

అప్పుడే నేను నోరు మూసుకున్నాను. సిగ్గుతో కాదు. మొగుడి పేరు చెప్పకూడదని మా అమ్మ నేర్పిన మాట ఆ క్షణాన నాకు పనికొచ్చింది, వాడుకున్నాను. వాళ్ళ వైపు కూడా ఆ ఆచారం ఉందట, ఆయన బలవంతపెట్టలేదు. పోనీ రాసివ్వమని కాగితం ఇచ్చాడు. నాకు రాయడం రాదన్నాను. రాష్ట్రభాష పరీక్షలో ఫస్టు క్లాసు తెచ్చుకున్న పిల్లనండీ నేను. కళ్ళలోకి చూసి, రాయడం రాదని చెప్పాను.

ఎందుకు చేశానో ఆ రోజు నాకే సరిగ్గా తెలియదు. ఇప్పుడు తెలుసు. పేరు చెప్తే నేను ఎవరో వచ్చి పట్టుకెళ్ళే సామాను. చెప్పకపోతే ఢిల్లీ వెళ్ళే మనిషిని. నాకు ఢిల్లీ వెళ్ళాలనుంది. వాన వెలిసింది. మధ్యాహ్నమంతా ఆ కుర్చీలో కూర్చుని మిగిలిన పులిహోర తిన్నాను, గూడ్సు బండ్లు పోతుంటే చూశాను, రైల్వే వాళ్ళ పిల్లలకి జాడీ విప్పి మాగాయ పెట్టాను. ఆ మధ్యాహ్నం నాకు ఇది చెయ్యి, అటు కూర్చో అని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. పుట్టినప్పటి నుంచి అలాంటి పూట అదే మొదలు. నేను ఏడవలేదు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

సాయంత్రం బండికి, మా అమ్మ చీర మడతలో పెట్టి ఇచ్చిన డబ్బుతో టికెట్టు కొన్నాను. ఆ అట్టముక్క నా చేతిలోనే ఉంది, ఢిల్లీ దాకా నా చేతిలోనే. మాస్టరు గారు గార్డుకు చెప్పి ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించారు. ఢిల్లీలో దిగి, దారి అడుగుతూ బస్సెక్కి, కరోల్‌బాగ్‌లో మీ పెద్దనాన్న గారి తలుపు తట్టాను. వాళ్ళు అడిగిన మొదటి మాట, జోగారావు ఏడి అని.

మీరు నాగపూర్‌లో దిగారు. వెనక్కి వచ్చే బండి ఎక్కారు. అది నేనున్న స్టేషను మీదుగానే వెళ్ళింది, మీరు దిగలేదు. తిన్నగా నాంపల్లి వెళ్ళి, మామయ్య గారి దగ్గర కూర్చుని, వసుమతి కనపడటం లేదని ఢిల్లీకి తంతి ఇప్పించారు. ఆ తంతి తీసుకుంది నేనే. తర్వాత మీరు ఢిల్లీ వచ్చారు, మామయ్య గారిని తోడు తెచ్చుకుని. తలుపు తీసి మంచినీళ్ళు ఇచ్చింది నేనే. మామయ్య గారు నన్ను వంటింట్లోకి పిలిచి, మగవాడి పరువమ్మా, ఎక్కడా అనకు అన్నారు. అనలేదు. ఆయన పోయి పాతికేళ్ళు దాటింది.

మీరు దిగకపోవడం మీద నాకు కోపం లేదు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, భాష రాదు, సామాను లేదు, భయపడ్డారు. నేనైనా భయపడేదాన్నేమో. ఆ భయం తెచ్చి నా నెత్తిన పెట్టి, దాన్ని పట్టుకుని ఇన్నేళ్ళూ నన్ను ఎక్కడికీ వెళ్ళనివ్వకపోవడం మీద కోపం. మనిషి స్వభావం మారదని రాశారు. నిజమే. నాది మారలేదు.

తగ్గని
వసుమతి

* * *

అమీర్‌పేట,
ఆగస్టు 20

వసుమతికి,

పోయిన మా నాన్నగారిని ఇందులోకి ఎందుకు లాగావు?

మూడు రోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉంది. బీపీ కూడా పెరిగినట్టుంది, మిషను పెట్టుకోవడం నాకు చేతకావడం లేదు. ఏమీ సహించడం లేదు. మజ్జిగ అన్నంతో సరిపెట్టుకుంటున్నాను. నేనిలా పడి ఉంటే నువ్వు ప్రయాణాల గురించి రాస్తున్నావు. ఇంతకంటే రాసే ఓపిక లేదు.

జోగారావు

* * *

పంజాగుట్ట,
ఆగస్టు 23

శ్రీవారికి,

మీ ఉత్తరం చేతికి రాగానే చెప్పులేసుకుని పరుగున మెట్రో ఎక్కి అమీర్‌పేట వచ్చాను. మన అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ భార్య చంద్రమ్మ కనపడింది. సారుకి ఎలా ఉందే అన్నాను. "మంచిగనే ఉన్నడమ్మా. జరసేపైతే మిర్చి బజ్జీలకు దిగుతడు, రోజు దిగుతుండు" అంది. నేను ఎదురుగా జిరాక్సు షాపులో నిలబడ్డాను. దిగారు. బండి దగ్గర నిలబడి తిన్నారు, ఉల్లిపాయ ముక్కలు ఎక్కువేయమని అడిగి మరీ తిన్నారు. ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టు కనపడలేదు. బజ్జీలు వేడిగా ఉన్నాయి, ఊదుకున్నారు.

పలకరించకుండా వచ్చేశాను. పలకరిస్తే మీ వెనకాల మెట్లెక్కి పైకి వచ్చేసేదాన్ని. చొక్కా ఇస్త్రీ లేదు, గడ్డం గీసుకోలేదు. చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. అది కూడా దాచను.

అయినా వెళ్తాను. అజహర్ తన ఫోనులో టికెట్టు కొన్నాడు. సెప్టెంబరు ఒకటి, ఆదివారం, నాంపల్లి నుంచి ఢిల్లీ బండి. కింద బెర్తు. మెట్రో మొదలయ్యే లోపే బయల్దేరాలి కాబట్టి అజహర్ దింపుతానన్నాడు. వద్దు, ఆటో మాట్లాడుకుంటానన్నాను. "ఆంటీ, స్టేషను దాకన్న రానియ్యున్రి" అని బతిమాలాడు. గేటు దాకా ఒప్పుకున్నాను.

రాగసుధకు ఫఖ్రున్నీసా ఫోనులోంచి చెప్పాను. నాన్న స్టేషనుకు రావద్దన్నారమ్మా అంది. నాన్న మాట విను, రావద్దు, అడ్రసు చెప్పు చాలు అన్నాను. అది చాలాసేపు నవ్వింది.

మీకు చెప్పే వెళ్తున్నాను. రద్దు చేయడానికి ఈసారి మీ చేతిలో ఏమీ లేదు.

మీ
వసుమతి

* * *

అమీర్‌పేట,
ఆగస్టు 27

ప్రియమైన వసుమతికి ఆశీస్సులు.

జిరాక్సు షాపు దాకా వచ్చి పైకి రాకుండా పోయావు. బజ్జీల వాడు కూడా అన్నాడు, అమ్మగారిలాగే ఉంది సార్ అని. నేను కాదన్నాను.

నీ పెద్ద ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. దాని గురించి రాయాలని కూర్చుంటే కలం ముందుకు పోవడం లేదు. రాయను. కానీ ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున్నే కాఫీ కలుపుకుంటాను, రెండు గ్లాసులు పెడతాను. నువ్వు ఢిల్లీ వెళ్ళి నెల రోజులు ఉంటే నేనిక్కడ ఒక్కడినే ఉండలేను. అది నాకు ఈ నెలలోనే తెలిసింది.

నిన్న నాంపల్లి వెళ్ళాను. ఖైరతాబాద్ దగ్గర వినాయకుడి పని చివరికొచ్చినట్టుంది, మెట్రో కిటికీలోంచి జనం అటే చూస్తున్నారు. స్టేషను ముందు చాలాసేపు నిలబడ్డాను. అన్నీ మార్చేస్తున్నారు, ఆ కమానులు మాత్రం ఉన్నాయి. వరసలో నిలబడి ఫారం ఇస్తే కౌంటర్లో అతను ఎంతమంది అని అడిగాడు. ఒకరే అన్నాను. ఆ మాట అంటుంటే నాకేదో అయింది.

నీ బండికే తీసుకున్నాను, ఆదివారానికే. నీ పెట్టెలో దొరకలేదు, పక్క పెట్టెలో దొరికింది. ఇప్పుడు పెట్టెల మధ్య దారి ఉంది కదా, నేను నీ దగ్గరికి వచ్చి కూర్చుంటాను. నీళ్ళ సీసాలు నేనే తెస్తాను, నువ్వు ఎక్కడా దిగనక్కర్లేదు. సామాను నేను చూసుకుంటాను. నీ టికెట్టు అజహర్ ఫోనులో ఉందన్నావు, అది నాకు పంపించమను, రెండూ ఒకచోట ఉంటే టీసీ వచ్చినప్పుడు ఇబ్బంది ఉండదు.

విమానం టికెట్టు రద్దు చేశాను. వీల్‌చైర్ కూడా. ఇంకేం కావాలి నీకు? పొద్దున్నే నాంపల్లిలో నీకోసం నిలబడి ఉంటాను. నన్ను వదిలేసి వెళ్ళకు.

నీ
జోగారావు

* * *

పంజాగుట్ట,
ఆగస్టు 30, శుక్రవారం

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం పొద్దున వచ్చింది. మెట్ల మీదే కూర్చుని చదివాను. ఫఖ్రున్నీసా చాయ్ తెచ్చి నా పక్కనే కూర్చుంది. ఏమన్నాడని అడిగితే చదివి వినిపించాను. నీళ్ళ సీసాల దగ్గర నవ్వింది, రెండు గ్లాసుల దగ్గర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. టికెట్టు పంపించమన్న దగ్గర నా వంక చూసింది. "ఇప్పుడేం చేస్తవ్?" అంది.

అజహర్‌ను పిలిచి ఆదివారం టికెట్టు నేనే రద్దు చేయించాను. రేపటికి తత్కాల్‌లో తీసుకున్నాం. "ఆంటీ, పై బెర్తే దొరికింది, ఎక్కుతరా?" అన్నాడు. ఎక్కుతానన్నాను. ఎవరైనా మార్చుకుంటే సంతోషం, లేకపోతే ఎక్కడమే. కాగితం మీద ప్రింటు తీయించి నా చేతిసంచిలో పెట్టుకున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు నన్ను గేటు దాకా దింపి, తిరిగొస్తూ అజహర్ చంద్రమ్మ చేతికిస్తాడు. మీరు చదివేసరికి నా బండి కాజీపేట దాటి ఉంటుంది.

కోపంతో కాదండీ. మీరు పక్కన వచ్చి కూర్చుంటే అది మీరు తీసుకెళ్ళిన ప్రయాణం అవుతుంది. ఎంత ప్రేమగా తీసుకెళ్ళినా మీరు తీసుకెళ్ళినదే అవుతుంది. వచ్చే పెళ్ళిలో మళ్ళీ మైకు పట్టుకుంటారు, ఈసారి కూడా పక్క పెట్టెలోంచి కాపాడానని చెప్తారు. అది నేను పడను. నా ప్రయాణం నాకు కావాలి, మొత్తం కావాలి. ఒకసారి సగం దొరికింది, దాన్నీ మీ కథలో కలిపేశారు.

మీ టికెట్టు మాత్రం రద్దు చేయకండి. ఆదివారం పొద్దున్నే బయల్దేరండి. మీరు ఒక్కరే, మీ తమ్ముణ్ణీ తేజనీ ఎవర్నీ తోడు తీసుకురాకండి. పులిహోర చంద్రమ్మ చేసిస్తుంది, అజహర్‌తో చెప్పిస్తున్నాను. బీపీ మాత్రలు అల్మారా కింది అరలో ఉన్నాయి. ఇస్త్రీ చొక్కాలు రెండు పెట్టుకోండి. బల్లార్షాలో నీళ్ళకు దిగకండి, బండిలోకే అమ్మొస్తారు. దాని తర్వాత చిన్న స్టేషన్లు చాలా వస్తాయి, ఇప్పుడీ బండి వాటిలో ఆగదు. ఏది ఆ స్టేషనో నేను రేపు కిటికీలోంచి చూసి పెట్టుకుంటాను. మీరు అడిగితే చెప్తాను.

నాగపూర్ వచ్చినప్పుడు మీకు ఏమనిపిస్తుందో నాకు తెలుసు. వెనక్కి వెళ్ళే బండి పక్క ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది. దిగొద్దు. రాత్రి ఒక్కటి ఓర్చుకోండి, తెల్లారితే ఢిల్లీ. నేను ఒకరోజు ముందు చేరతాను, రాగసుధ ఇంట్లో స్నానం చేసి, తలదువ్వుకుని, మీ బండి వేళకు స్టేషనుకు వస్తాను. అమ్మాయిని రానివ్వను. మీరు దిగేచోట నేను నిలబడి ఉంటాను. మంచినీళ్ళు తెస్తాను. మీ సంచి నేను పట్టుకుంటాను.

మీరు వస్తే ఇద్దరం కలిసి ఇంటికి వెళ్దాం. రాకపోతే మీ బండి ఖాళీ అయ్యేదాకా చూసి నేను వెళ్ళిపోతాను. దారి నాకు తెలుసు.

మీ
వసుమతి